ఒక్క లైను మార్పుకి 23 రోజులు

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. నాలుగేళ్లు ఒక చిన్న కంపెనీలో చేశాను. మొత్తం 11 మందిమి. పొద్దున అనుకున్నది సాయంత్రానికి కస్టమర్ చేతిలో ఉండేది. 14 నెలల క్రితం ఒక పెద్ద కార్పొరేట్ కంపెనీలో చేరాను. జీతం పెరిగింది, కంపెనీ పేరు చెబితే అందరూ గుర్తుపడుతున్నారు. కానీ పని చేస్తున్నట్టే అనిపించడం లేదు. మొన్న కోడ్‌లో ఒక్క లైను మార్పు బయటికి వెళ్లడానికి 23 రోజులు పట్టింది. రోజులో సగం మీటింగులకే పోతోంది. ఏడాదంతా కష్టపడితే అప్రైజల్‌లో ‘మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్’ (అనుకున్నంత చేశారు, అంతే) ఇచ్చారు. నాకంటే తక్కువ కోడ్ రాసి, ఎక్కువ మాట్లాడే సహోద్యోగికి ప్రమోషన్ వచ్చింది. మేనేజర్‌ని అడిగితే ‘విజిబిలిటీ పెంచుకో’ అన్నారు. అంటే డబ్బా కొట్టుకోమనేగా? పాత స్నేహితుడు ఒకతను సొంతంగా కంపెనీ పెట్టాడు, వచ్చేయమంటున్నాడు. ఇక్కడే ఉంటే తుప్పు పట్టిపోతానేమో అని భయంగా ఉంది. వెళ్లిపోనా?

సమాధానం:

మీ ఉత్తరం చదువుతూ నేను ఆ 23 దగ్గర ఆగిపోయాను. ‘ఇక్కడ ఏ పనీ కదలదు’ అని రాసేవాళ్లు చాలామంది. రోజులు లెక్కపెట్టి రాసింది మాత్రం మీరే. అందుకని, వెళ్లాలా ఉండాలా అన్నది కాసేపు పక్కన పెట్టి ముందు ఆ 23 రోజుల పని పడదాం.

ఆ మార్పు తాలూకు టికెట్, అంటే ఆ పని ఎక్కడిదాకా వచ్చిందో నమోదయ్యే పేజీ, తెరవండి. ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లింది, అక్కడ ఎన్నాళ్లుంది, ఎందుకుంది అన్నది ఒక తెల్లకాగితం మీద వరసగా రాయండి. అరగంట పని. నేను ఒకప్పుడు ఇలాగే 19 రోజులు పట్టిన మార్పు ఒకదాని లెక్క తీశాను. కోడ్ మార్చడానికీ టెస్టులు రాయడానికీ కలిపి ఒక రోజు. రివ్యూలో, అంటే ఇంకో ఇంజనీర్ నా కోడ్ చూసి సరే అనడానికి, ఆరు రోజులు. ఎందుకంటే చూడాల్సిన ఆయన సెలవులో ఉన్నారు, నేను ఇంకెవరినీ అడగలేదు, రోజుకోసారి టికెట్ తెరిచి చూసుకుని నిట్టూర్చి మూసేశాను. సెక్యూరిటీ టీమ్ దగ్గర నాలుగు రోజులు. వాళ్ల ఫారంలో ‘ఈ మార్పు ఏ డేటాని తాకుతుంది’ అన్న గడి ఖాళీగా వదిలేశాను, వెనక్కి పంపారు. నెలాఖరు లెక్కలు నడుస్తాయని ఐదు రోజులు ఎవరి మార్పులూ వెళ్లనివ్వలేదు. చివరి మూడు రోజులు కొత్త కోడ్‌ని ముందు కొద్ది సర్వర్ల మీద, ఆనక సగం మీద, ఆ తర్వాత అన్నిటి మీదా పెట్టారు. కూడి చూస్తే 19లో పది రోజులు నా నిర్వాకమే. అప్పటిదాకా కంపెనీని తిట్టుకుంటూ తిరిగాను.

మీ కాగితం మీద కూడా మూడు రకాల రోజులు తేలతాయి. దేన్నో కాపాడుతున్న రోజులు, మీకు దారి తెలియక పోయిన రోజులు, ఎవరికీ పనికిరాకుండా ఊరికే అలవాటుగా పోతున్న రోజులు. టికెట్ మీద మాత్రం మూడింటికీ ‘పెండింగ్’ అనే ఉంటుంది. 14 నెలలకి మీకు వీటిని విడదీసి చూడటం వచ్చి ఉండాల్సింది. రాలేదని మీ ఉత్తరం చెబుతోంది. అది మీ ఒక్కరి తప్పే అనను. చేరిన కొత్తలో పక్కన కూర్చుని ఇవన్నీ చెప్పే మనిషి దొరకడం అదృష్టం.

మొదటి రకం గురించి నా సొంత గొడవ ఒకటి చెబుతాను. ఉద్యోగంలో మూడో ఏడు. ఒక పాత ఫైల్లో ‘కస్టమర్ రకం 7 అయితే ఇక్కడే ఆగు’ అని ఒక షరతు ఉండేది. ఎందుకుందో టీమ్‌లో ఎవరికీ తెలియదు. రాసినాయన మానేసి ఆరేళ్లు. చెత్త అనుకుని తీసేశాను. రివ్యూ చేసినాయన కూడా ‘మంచి పని చేశావు, శుభ్రమైంది’ అన్నారు. మూడు వారాలు ఏమీ కాలేదు. నెలాఖరు రాత్రి బిల్లింగ్ నడిచింది. తెల్లవారుజామున మూడింటికి ఫోన్. రకం 7 అంటే ఎప్పుడో మూతపడిన ఖాతాలట, వాటన్నిటికీ బిల్లులు తయారై కూర్చున్నాయి. అవి జనాల ఇళ్లకి వెళ్లకుండా ఆపింది ఏమిటో తెలుసా? నేను ఎప్పుడూ విసుక్కునే ఒక మెట్టు. బిల్లులు పంపేముందు అకౌంట్స్‌లో ఒకావిడ మొత్తం సంఖ్య చూసి సరే అనాలి. ఆవిడ చూసి ‘ఈ నెల ఇన్నెందుకొచ్చాయి?’ అని అడిగింది. అంతే, అక్కడ ఆగింది. ఆ మర్నాడు నుంచి ఎవరైనా ‘ఈ అనుమతి ఎందుకండీ, దండగ’ అంటే నాకు ఆవిడ గొంతే వినిపిస్తుంది.

అలా అడిగే మనిషి లేకపోతే ఏమవుతుందో చూడాలంటే నైట్ క్యాపిటల్ సంగతి చదవండి. అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే పెద్ద సంస్థ అది. 2012 ఆగస్టు 1న మొదలయ్యే పని కోసం, అంతకు ముందు రోజుల్లో కొత్త కోడ్‌ని ఎనిమిది సర్వర్ల మీద పెట్టాల్సి ఉంటే ఏడింటి మీదే పెట్టారు. ఎనిమిదో దాని మీద, ఎన్నో ఏళ్లుగా వాడకుండా వదిలేసిన పాత కోడ్ అలాగే ఉంది. కొత్త పని కోసం ఒక పాత ఫ్లాగ్‌నే (కోడ్‌ని నడిపించే స్విచ్ లాంటిది) మళ్లీ వాడుకున్నారు, దాంతో ఆగస్టు 1న ఆ చచ్చిన కోడ్ లేచి కూర్చుంది. 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా లావాదేవీలు, 40 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మార్కెట్ తెరవక ముందే ఆ సిస్టమ్ 97 ఈమెయిళ్లు పంపింది, ఎవరూ పట్టించుకోలేదు. ఎనిమిది సర్వర్లూ సరిగ్గా ఉన్నాయా అని రెండో మనిషి చూడాలనే నియమం అక్కడ లేదని ఆ తర్వాత విచారణలో తేలింది. ఏడాది తిరక్కముందే ఆ సంస్థ ఇంకో దాంట్లో కలిసిపోయింది. మీ 23 రోజుల్లో ‘రెండో మనిషి చూడాలి’ అన్న రోజులు ఎన్నున్నాయో, వాటిని మాత్రం తిట్టకండి.

రెండో రకం, అంటే దారి తెలియక పోయినవి, మీ చేతిలోనే ఉన్నాయి. రివ్యూకి పెట్టిన రోజే ఫలానావారు లేకపోతే ఎవరు చూడొచ్చో కనుక్కోవడం, మార్పులు ఆపే తేదీలు ముందే క్యాలెండర్‌లో పెట్టుకోవడం, సెక్యూరిటీ టీమ్‌లో ఒక మనిషి పేరు తెలిసి ఉండటం. ఈ మూడో దాని విలువ ఎంతో మీకు ఇప్పుడే నమ్మకం కుదరదు. ఫారం నింపి ఎదురుచూడటం వేరు, ‘నింపాను, ఒకసారి చూస్తారా, ఏదైనా తప్పుంటే ఇప్పుడే చెప్పండి’ అని ఒక మెసేజ్ పెట్టడం వేరు. చిన్న కంపెనీలో ఇది మీరు చేసేవారే. కుర్చీ తిప్పి అడిగేవారు, అంతే తేడా.

మూడో రకం రోజులు కూడా తప్పకుండా ఉంటాయి. ఎప్పుడో ఏదో పొరపాటు జరిగిందని పెట్టిన సంతకం, ఆ సిస్టమే తీసేశాక కూడా కొనసాగుతూ ఉంటుంది. వీటిని పక్కన రాసిపెట్టుకోండి. చివర్లో వీటితో పనుంది.

మీటింగుల గురించి ఎక్కువ చెప్పను. ఐబీఎమ్‌లో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ పనిని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే లెక్క వేసి చూపించాడు. మనుషులు పెరిగితే వాళ్ల మధ్య మాటలు అంతకంటే ఎన్నో రెట్లు పెరుగుతాయి. మీ పాత కంపెనీలో 11 మందికి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 55. 200 మంది ఉన్న విభాగంలో 19,900. అక్కడ అందరికీ అన్నీ తెలిసేవి అంటే అది మీ గొప్పా కాదు, ఇక్కడివాళ్ల చేతకానితనమూ కాదు. అయితే ఎజెండా లేని మీటింగ్‌కి ‘నేను రావడం అవసరమా, లేకపోతే నోట్స్ చదువుకుంటాను’ అని మర్యాదగా అడగొచ్చు. సగానికి సగం అవసరం లేదనే అంటారు. అడిగేవాళ్లే ఉండరు.

ఇప్పుడు మిమ్మల్ని అసలు బాధపెడుతున్న సంగతి. విజిబిలిటీ. ఈ మాట మీ మేనేజర్ గారు అలా విసిరేసి ఊరుకోవడం నాకూ నచ్చలేదు. ఆ మాటకి ఏం చెయ్యాలో చెప్పకపోతే అది సలహా అనిపించుకోదు. కానీ దాని వెనక ఉన్న సంగతి నిజం. రేటింగ్ ఎలా వస్తుందో మీకెవరైనా చెప్పారా? చాలావరకు పెద్ద కంపెనీల్లో మేనేజర్లందరూ ఒక గదిలో కూర్చుంటారు, దాన్ని క్యాలిబ్రేషన్ అంటారు. ఒక్కో మనిషి గురించి మాట్లాడటానికి కొద్ది నిమిషాలే ఉంటాయి. మిమ్మల్ని ఎప్పుడూ చూడని ఆరుగురి ముందు మీ మేనేజర్ మీ ఏడాది పని చెప్పాలి. ఎవరో ఒకరు ‘దానివల్ల ఏం మారింది?’ అంటారు. ఆ ప్రశ్నకి జవాబు మీ మేనేజర్ దగ్గర లేకపోతే, ఉన్నా గుర్తు రాకపోతే, ‘బాగా కష్టపడతారండీ’ అంటారు. ఆ గదిలో ఆ మాట వచ్చిందంటే ‘మీట్స్’ ఖాయం. నేను కూర్చున్న గదుల్లో ఇది ఎన్నిసార్లు చూశానో. ఒకసారి నా టీమ్‌లోని అమ్మాయి గురించి నేనే ఆ మాట అన్నాను, జవాబు చేతిలో లేక. ఆ అమ్మాయికి రావాల్సింది రాలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఒకే పనిని రెండు రకాలుగా రాసి చూపిస్తాను. ‘రాత్రి నడిచే జాబ్‌లో 14 బగ్స్ ఫిక్స్ చేశాను’ అన్నది ఒకటి. ‘రాత్రి జాబ్ వారానికి మూడుసార్లు ఆగిపోయి ఆన్‌కాల్‌లో (ఏదైనా ఆగితే వెంటనే చూడాల్సిన వంతులో) ఉన్నవాళ్లని నిద్ర లేపేది. కారణం ఒకే చోట ఉందని పట్టుకుని మార్చాను. గత రెండు నెలల్లో ఒక్కసారే ఆగింది’ అన్నది రెండోది. రెండో దాంట్లో ఒక్క అబద్ధం లేదు, ఒక్క గొప్ప మాట లేదు. కానీ అది మీ మేనేజర్ నోట్లోంచి యథాతథంగా ఆ గదిలోకి వెళ్లగలదు. మొదటిది వెళ్లలేదు. డబ్బా కొట్టుకోవడం అంటే చేయనిది చెప్పడం, పదింతలు చేసి చెప్పడం. చేసినది కనబడేలా రాసి పెట్టడానికి సిగ్గెందుకు? పాత కంపెనీలో మీ పని పక్క కుర్చీ అతను కళ్లారా చూసేవాడు కాబట్టి రాయాల్సిన అవసరం రాలేదు.

వారం చివర పది నిమిషాలు పెట్టి ఒక ఫైల్లో నాలుగు ముక్కలు రాసుకోండి. ఏం మారింది, ఎవరికి పనికొచ్చింది, ముందు అంకె ఎంత, తర్వాత అంకె ఎంత. ఆ ‘ముందు అంకె’ పని మొదలుపెట్టకముందే రాసుకోవాలి, తర్వాత దొరకదు. నేను చాలాసార్లు దొరక్క వెతుక్కున్నాను. నెలకోసారి మేనేజర్‌తో ఒంటరిగా మాట్లాడేటప్పుడు అందులోంచి మూడు చదవండి. ఆయనకి మీరు సాయం చేస్తున్నట్టే.

మీ సహోద్యోగి సంగతి. ‘ఎక్కువ మాట్లాడతాడు’ అన్నారు. ఎవరితో, దేని గురించి? రెండు టీమ్‌లు ఆరు నెలలుగా ఎటూ తేల్చుకోని విషయాన్ని నాలుగు పేజీల డాక్యుమెంట్ రాసి తేల్చినవాడు ఒక్క లైను కోడ్ రాయకపోయినా ఇంజనీరింగే చేశాడు. అలా కాకుండా పై అధికారి జోకులకి నవ్వి పైకి వచ్చాడా, అదీ జరుగుతుంది, నేను కాదనను. కానీ మీ ఉత్తరంలో అతను ఏం చేశాడో ఒక్క ముక్క లేదు. అతని ప్రమోషన్ డాక్యుమెంట్ చూపిస్తాడేమో అడగండి. చాలామంది చూపిస్తారు, నిజానికి అడిగితే సంతోషిస్తారు.

ఇంకోటి, చేరిన మొదటి ఏడు ‘మీట్స్’ రావడం అవమానం కాదు. కొన్ని కంపెనీలు ఇంతమందికి ఇంతే అని ముందే వాటాలు పంచి రేటింగులు ఇస్తాయి. మైక్రోసాఫ్ట్ కూడా ఏళ్లతరబడి అలాగే చేసి, 2013 నవంబర్‌లో ఆ పద్ధతి మానుకుంది. మీ కంపెనీలో పద్ధతి ఏమిటో హెచ్‌ఆర్‌ని అడిగితే చెబుతారు. ప్రమోషన్ మాటకొస్తే, చాలాచోట్ల పై మెట్టు పని కొంతకాలం చేసి చూపించాకే పై మెట్టు ఇస్తారు. కాబట్టి మేనేజర్‌ని ‘నాకెందుకు రాలేదు’ అని కాకుండా ‘పై మెట్టు పని అంటే ఏమిటో, అందులో నేను చేయనివేమిటో రాసి ఇస్తారా’ అని అడగండి. ‘రాసి’ అన్నది వదలకండి. ‘ఏం పర్లేదు, నీకు వచ్చేసారి చూద్దాం’ అన్న నోటిమాటలు, మేనేజర్ మారిన రోజున గాలికి పోతాయి. మేనేజర్లు మారుతూనే ఉంటారు.

తుప్పు భయం గురించి. ఆ భయం మంచిదే, ఉండనివ్వండి. మీ కంపెనీ సొంత టూల్స్ పేర్లు తప్ప బయటివాళ్లకి చెప్పడానికి ఏమీ మిగలని రోజు వస్తే తుప్పు పట్టినట్టే. కానీ చిన్న కంపెనీలో మీకు ఎప్పటికీ దొరకనివి కొన్ని ఇప్పుడు మీ పక్కనే ఉన్నాయి. పదేళ్ల కిందట ఎవరో రాసిన కోడ్ చదివి వాళ్ల బుర్రలో ఏముందో ఊహించడం అందులో ఒకటి. లక్షల మంది వాడుతుండగా కిందనున్న డేటాబేస్ మార్చేయడం ఇంకొకటి. అన్నిటికంటే ముఖ్యం, పాత ప్రమాదాల రిపోర్టులు. ప్రతి పెద్ద కంపెనీలోనూ ఎక్కడో ఒక ఫోల్డర్ ఉంటుంది, ఏ రోజు ఏం కూలింది, ఎందుకు కూలింది అని. వారానికి రెండు చదవండి. ఎలా ఉంటాయో చూడాలంటే అమెజాన్ 2017లో బయటపెట్టినది చూడండి. ఆ ఏడాది ఫిబ్రవరి 28న వేరే సైట్లు తమ డేటా దాచుకునే వాళ్ల ఎస్3 స్టోరేజ్ కొన్ని గంటలు ఆగిపోయి ఇంటర్నెట్‌లో ఎన్నో సైట్లు మూగబోయాయి. కొద్ది సర్వర్లు తీసేద్దామని కొట్టిన కమాండ్‌లో ఒకటి తప్పుగా టైప్ అయి, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ పోయాయి. వాళ్లు చేసిన దిద్దుబాటు చూడండి. ఒకేసారి అంత ఎక్కువ సర్వర్లు తీసేయడానికి ఒప్పుకున్న టూల్‌ని మార్చారు, నెమ్మదిగా తప్ప తీయనివ్వకుండా, ఒక హద్దు దాటితే అసలు తీయనివ్వకుండా. మీ కంపెనీ ఫోల్డర్లో ఇలాంటివి వందలు ఉండొచ్చు. మీ 23 రోజుల్లో కొన్ని రోజులు ఎక్కడ పుట్టాయో కూడా అక్కడే దొరుకుతుంది.

స్నేహితుడి దగ్గరికి వెళ్లే మాట. ముందు ఒక హెచ్చరిక. ‘అప్పటిదాకా రాత్రిళ్లు కాస్త చేసి పెడతాలే’ అని మాట ఇచ్చారేమో అని నా అనుమానం. ఇచ్చి ఉంటే ఆపండి, చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాలు తీసి చదవండి. ఉద్యోగంలో ఉండగా మీరు తయారుచేసినది ఎవరిది, బయట పనికి అనుమతి కావాలా అన్నది అందులో ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద మాత్రం ఒక్క అక్షరం కూడా రాయొద్దు. ఉద్యోగి కనిపెట్టింది ఎవరిదన్న గొడవ చిన్నది కాదు. నీలిరంగు ఎల్‌ఈడీ చేసిన షుజి నకమురకి ఆయన పనిచేసిన నిచియా కంపెనీ ఇచ్చింది 20,000 యెన్‌లు. కోర్టుకెక్కితే 2005లో సుమారు 84 కోట్ల యెన్‌లకి రాజీ కుదిరింది. ఆయనకి 2014లో నోబెల్ వచ్చింది. మనకి అంత గెలుపు అవసరం లేదు, గొడవ లేకుండా ఉంటే చాలు.

స్నేహితుణ్ని అడగాల్సినవి: జీతాలివ్వడానికి ఎన్ని నెలల డబ్బుంది, మీకు ఇస్తానన్న వాటా కాగితం మీద ఉందా, మధ్యలో మానేస్తే అందులో ఎంత మీకు మిగులుతుంది, ఇద్దరికీ మాట పడకపోతే చివరి మాట ఎవరిది. ఇవి అడగడానికి మొహమాటపడేంత స్నేహమైతే ఆ స్నేహాన్ని వ్యాపారంలోకి తేకపోవడమే మేలు.

నన్ను అడిగితే ఆరు నెలలు ఆగమంటాను, అదీ ఒక పని పెట్టుకుని. ఇందాక మూడో రకం రోజులు పక్కన రాసుకోమన్నానుగా. అందులోంచి ఒక్కటి ఎంచుకోండి, ఎవరినీ కాపాడకుండా అందరి రోజులూ తింటున్న మెట్టు ఒకటి. అది ఎప్పుడు, ఎందుకు పుట్టిందో ఆ ఫోల్డర్లో వెతకండి. గత మూడు నెలల్లో అది ఎన్ని మార్పులని ఎన్ని రోజులు ఆపిందో లెక్క తీయండి. తీసేస్తే ఏం ప్రమాదం, దాన్ని వేరే ఎలా పట్టుకోవచ్చో రెండు పేజీల్లో రాసి మేనేజర్‌కి ఇవ్వండి, ఆ మెట్టు పెట్టిన టీమ్‌కి కూడా. వాళ్లతో ముందే మాట్లాడి ఇవ్వండి, వాళ్ల తల మీద పడేసినట్టు కాకుండా. అది కదిలిందంటే మీ మేనేజర్ గారు అడిగిన విజిబిలిటీ దానంతట అదే వచ్చినట్టు, వచ్చే క్యాలిబ్రేషన్‌లో ‘ఏం మారింది?’ అన్నదానికి జవాబు కూడా సిద్ధం. లెక్క ముందు పెట్టినా ‘ఇక్కడ ఇంతేనమ్మా, నీ పని నువ్వు చూసుకో’ అన్న మాటే అన్ని వైపుల నుంచీ వస్తే, అప్పుడు వెళ్లిపోండి. ఆ మాట ఒకరు అంటే అది ఆ మనిషి అలసట. అందరూ అంటే మీరు అక్కడ నేర్చుకోవాల్సింది అయిపోయింది.

మీ స్నేహితుడికి మాత్రం ఈ వారమే ఫోన్ చేసి ఆరు నెలలు అని సూటిగా చెప్పండి. ‘చూద్దాంలే’ అని నానబెట్టొద్దు. అంతవరకు ఆగలేనంటే ఇంకొకరిని వెతుక్కోవడానికి అతనికీ టైమ్ ఉంటుంది.